ఏసీ పైపుకి ఐసు కట్టిందా? గోదావరి డెల్టా ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం చుట్టుపక్కల ఏసీలు బిగించడం, బాగుచేయడం నా పని. ఇరవై ఏళ్లు దాటింది. ఉగాది వెళ్లిన దగ్గర్నుంచి మృగశిర కార్తె దాకా ఫోను మోగుతూనే ఉంటుంది. అందులో రోజుకి రెండైనా "పైపుకి ఐసు కట్టేసిందండీ" అనేవే. చాలామంది ఫోన్ చేసేసరికే తీర్పు చెప్పేసి ఉంటారు: "గ్యాస్ అయిపోయినట్టుంది, వచ్చి పట్టించండి." వెళ్లి చూస్తే చాలాసార్లు గ్యాస్ ఉండాల్సినంతా ఉంటుంది, గాలే ఆడటం లేదు. అడిగినవాళ్లకి అడిగినప్పుడల్లా చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఇప్పుడే చూశాం, పైపు తెల్లగా గడ్డకట్టి ఉంది. ముందు ఏం చేయమంటారు?

ముందు కూలింగ్ ఆపండి. రిమోట్‌లో ఫ్యాన్ మోడ్ పెట్టి, స్పీడు పూర్తిగా పెంచి వదిలేయండి. గది గాలే ఆ ఐసుని కరిగిస్తుంది. పలచగా పడితే గంటలో పోతుంది. గాలిని చల్లబరిచే లోపలి గొట్టాల చుట్ట, అంటే కాయిల్, మొత్తం దిమ్మలా కట్టేస్తే మూడు నాలుగు గంటలు పట్టొచ్చు. ఫ్యాన్ కూడా తిరగకపోతే ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్చి దించేసి, కిటికీలు తీసి వదిలేయండి.

కరిగేటప్పుడు నీళ్లు ట్రే దాటి గోడ మీదకి వస్తాయి. కింద మంచం, టీవీ, ఇన్వర్టర్ లాంటివి ఉంటే జరిపి, ఓ బకెట్టూ పాత దుప్పటీ పెట్టుకోండి.

చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో ఐసుని పొడవొద్దు. లోపలి రేకులు అగ్గిపెట్టె అట్టకన్నా పలచన, వాటి వెనకే రాగి గొట్టం ఉంటుంది. మండపేట వైపు ఒకాయన కూరగాయల చాకుతో గీరారు. ఉచితంగా పోయే ఐసుకి కాయిల్ మార్చాల్సి వచ్చింది. వేడినీళ్లు పోయడం, హెయిర్ డ్రయర్ పెట్టడం కూడా వద్దు. పక్కనే కరెంటు బోర్డు ఉంటుంది.

చల్లదనం మరీ ఎక్కువై ఐసు కడుతోంది అనుకున్నాం. మంచిదే కదా?

ఇదొక్కటి అర్థమైతే మిగతా ప్రశ్నలు సగం అక్కర్లేదు, అందుకని కాస్త నెమ్మదిగా చెబుతాను.

ఏసీ చల్లదనాన్ని తయారుచేసి గదిలోకి ఊదదు. గదిలో వేడిని లోపలి కాయిల్‌తో పీల్చి, బయట పెట్టె దగ్గర వదిలేస్తుంది. ఒకటిన్నర టన్ను అంటాం కదా, ఆ టన్ను మెషీన్ బరువు కాదు. పూర్వం చల్లదనానికి ఐసు దిమ్మలే గతి. అమెరికా లెక్కలో ఒక టన్ను, అంటే సుమారు 907 కిలోల ఐసు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి తీసుకుంటుందో ఆ లెక్క మీద పుట్టిన కొలత అది. కరెంటు లెక్కలో టన్నుకి మూడున్నర కిలోవాట్లు. అంటే మీ మెషీన్ పేరులోనే వేడిని లాగే లెక్క ఉంది.

ఇప్పుడు కాయిల్ లోపల చూడండి. ద్రవంగా వచ్చిన గ్యాస్ అక్కడ మరిగి ఆవిరవుతుంది. మరగడానికి కావలసిన వేడిని గది గాలి దగ్గర తీసుకుంటుంది. పొయ్యి మీద ఎసరు మరిగినట్టే, కాకపోతే ఇది నీళ్లలా వంద డిగ్రీల దగ్గర కాకుండా పది డిగ్రీల లోపే మరుగుతుంది. పొయ్యిలో మంట తగ్గితే ఎసరు నెమ్మదిస్తుంది కదా, అలాగే గాలి సరిగా రాకపోతే కాయిల్‌కి వేడి అందదు. బయటి పెట్టెలో ఉండే కంప్రెసర్ మాత్రం ఆవిరిని లాగుతూనే ఉంటుంది. దాంతో లోపల ప్రెషర్ పడిపోతుంది. ప్రెషర్ పడితే మరిగే డిగ్రీలూ పడతాయి. అవి సున్నా కిందకి దిగాయంటే కాయిల్ మీద చేరిన తేమ నీరు కారకుండా అక్కడే గడ్డకడుతుంది.

ప్రెషర్ కొలిచే గేజి పెట్టి చూసేవాళ్లకి అంకెలు ఇవి (పీఎస్‌ఐ అంటే ప్రెషర్ కొలత). మరిగే డిగ్రీ సరిగ్గా సున్నా దగ్గర ఉందంటే ఆర్-32 గ్యాస్‌కి గేజి మీద సుమారు 103 పీఎస్‌ఐ, ఆర్-410ఏకి 101, పాత ఆర్-22కి 57, 58. ముల్లు అంతకన్నా కింద ఉండి మెషీన్ చాలాసేపు నడిచిందంటే ఐసు కట్టకుండా ఉండదు.

అందుచేత ఐసు కట్టిన ఏసీ ఎక్కువ చల్లగా పనిచేస్తున్నట్టు కాదు. గది వేడి దానికి అందడం లేదు. పైగా ఐసు పట్టిన కొద్దీ రేకుల మధ్య సందులు మూసుకుపోయి ఉన్న గాలి కూడా ఆగుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

అలాగే నడిపేస్తే ఏమవుతుంది?

లోపలి పెట్టెకీ బయటి పెట్టెకీ మధ్య రెండు పైపులు ఉంటాయి, ఒకటి సన్నం, ఒకటి లావు. కాయిల్‌లో మరగాల్సిన ద్రవం మరగకుండా లావు పైపులోంచి కంప్రెసర్‌లోకి తిరిగొస్తుంది. కంప్రెసర్ ఆవిరిని నొక్కడానికి పుట్టింది, ద్రవాన్ని కాదు. లోపలి నూనె కడుక్కుపోతుంది, వాల్వులు విరుగుతాయి. ఐసు కట్టిన ఏసీని వేసవంతా అలాగే నడిపినవాళ్లకి తర్వాత వచ్చేది కంప్రెసర్ బిల్లు.

మా ఊరు సముద్రం పక్కన, ఎప్పుడూ ఉక్కపోతే. గాలిలో తేమ వల్లే ఐసు కడుతోందేమో?

రాజోలు, మలికిపురం వైపు అందరూ ఇదే అంటారు. తేమ వల్ల ఐసు మొదలవదు. నిజానికి తేమ గాలి కాయిల్‌కి ఎక్కువ వేడినే మోసుకొస్తుంది, కాబట్టి అది కాయిల్‌ని సున్నా కిందకి దిగనివ్వకుండా పట్టి ఉంచుతుంది. అయితే వేరే కారణంతో ఒకసారి సున్నా దాటిందంటే మాత్రం మన గాలిలో నీరు ఎక్కువ కాబట్టి ఐసు తొందరగా, లావుగా పెరుగుతుంది. అదే లోపం ఉన్న ఏసీ అనంతపురంలో రెండు రోజులకి చూపించే ఐసుని మన దగ్గర ఒక్క రాత్రిలో చూపిస్తుంది.

మా పైపు నుంచి నీళ్లు కారుతున్నాయి. అదీ ఐసేనా?

వేలితో ముట్టుకోండి. గరుకుగా తెల్లగా తగిలితే ఐసు, తడిగా జారితే చెమట. చెమట రోగం కాదు. బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువుకైనా నీరు పడుతుంది. మంచినీళ్ల చెంబుకి పట్టినట్టే. పది డిగ్రీల పైపుకి ఎందుకు పట్టదు?

పైపు మీద నల్లటి ఫోమ్ తొడుగు ఎండకి పెళుసెక్కి చిట్లినా, కొబ్బరిచెట్టు మీంచి దిగే ఉడతలు కొరికినా అక్కడ చెమట కారి గోడ పాచిపడుతుంది. కొత్త తొడుగు వేసి, కీళ్ల దగ్గర టేపు గట్టిగా చుడితే సరిపోతుంది. గ్యాస్ జోలికి పోనక్కర్లేదు.

సన్న పైపుకి ఐసు కట్టింది, లావు పైపుకి లేదు. తేడా ఏమైనా ఉందా?

ఉంది. ఇది ఇంట్లోవాళ్లు కూడా చూడగలిగే మంచి గుర్తు.

మన ఇళ్లలో వాడే స్ప్లిట్ ఏసీల్లో గ్యాస్‌ని సన్నటి దారిలోంచి వదిలే కాపిలరీ గానీ వాల్వు గానీ బయటి పెట్టెలోనే ఉంటుంది. అందుకని సన్న పైపు కూడా చల్లగానే వస్తుంది. రెండు పైపులకీ తొడుగు వేసేది అందుకే. గ్యాస్ తగ్గితే ప్రెషర్ పడిపోయి, ఉన్న కొద్దిపాటి ద్రవం సన్న పైపులోనూ కాయిల్ మొదట్లోనూ మరిగిపోతుంది. అందుకని సన్న పైపు తెల్లబడుతుంది, లోపల కాయిల్‌లో ఒక మూలే ఐసు ఉండి మిగతాదంతా పొడిగా గోరువెచ్చగా ఉంటుంది. లావు పైపు చల్లగా కూడా ఉండదు.

గాలి ఆడకపోతే కాయిల్ నిండా సమానంగా ఐసు పడుతుంది. అది లావు పైపు మీదుగా బయటి వాల్వు దాకా, ఒక్కోసారి కంప్రెసర్ దాకా పాకుతుంది. గ్యాస్ మోతాదు మించి ఎక్కించినా లావు పైపు మీద ఐసు కనిపించొచ్చు.

ఫోన్ చేసేటప్పుడు "ఏ పైపుకి" అన్నది చెబితే మెకానిక్‌కి సగం పని తగ్గుతుంది. ఐసు కరగకముందే సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. నేను వచ్చేసరికి కరిగిపోతే నాకు తడి గోడ తప్ప ఏం కనపడదు.

ఫిల్టర్ కడిగాం అండీ. అయినా ఐసు కడుతోంది. ఇక గ్యాసేగా?

ఆయ్, ఇక్కడే అందరూ తొందరపడతారు. నేనూ పడ్డాను.

పని నేర్చుకున్న కొత్తల్లో ఒక డాక్టరు గారింట్లో నెలన్నరలో మూడుసార్లు గ్యాస్ చూశాను. రెండుసార్లు కొంచెం కొంచెం ఎక్కించాను కూడా. వారం తిరక్కుండా మళ్లీ ఐసు. మూడోసారి వెళ్లినప్పుడు ఆయన వాళ్లమ్మగారు కుర్చీలో కూర్చుని, "బాబూ, ఇదివరకు ఈ గాలికి క్యాలెండర్ రెపరెపలాడేది, ఇప్పుడు కదలట్లేదు" అన్నారు. బ్లోయర్ విప్పి చూస్తే రేకుల మధ్య మట్టి, బూజు, పౌడరు కలిసి పిడకలా అంటుకుని ఉంది. ఫిల్టర్ తళతళలాడుతోంది, ఎందుకంటే పనమ్మాయి ప్రతివారం దాన్నే కడిగేది. ఎక్కించిన గ్యాస్ తీసేసి, బ్లోయర్ కడిగి వచ్చాను. డబ్బులు అడగలేదు, అడిగే మొహం లేదు.

బ్లోయర్ అంటే లోపల అడ్డంగా పొడుగ్గా తిరిగే డోలు లాంటి ఫ్యాను. దాని ఒక్కో రేకు గరిటెలా వంగి ఉంటుంది. ఆ గుంటలో మురికి నిండితే తిరగడం తిరుగుతుంది గానీ గాలి తోయదు. చప్పుడు మామూలుగానే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. టార్చిలైటు వేసి గాలి వచ్చే సందులోంచి చూడండి, నల్లగా బొచ్చు కట్టి ఉంటే అదే. ఏసీ ఆపి, ఎంసీబీ దించాకే చూడండి.

మన వైపు ఈ మురికికి కారణాలు ఊరూరికీ మారతాయి. పీచు ఆడే షెడ్ల పక్కన కొబ్బరి పొట్టు గాలిలో తేలుతూ వచ్చి ఫిల్టర్‌కి బొంతలా పడుతుంది. రైసు మిల్లుల దగ్గర ఊక దుమ్ము. ఇంట్లో చూస్తే పసిపిల్లల పౌడరు, సాంబ్రాణి పొగ, వంటగదిలో వేపుడు ఆవిరి. నూనె ఆవిరి ఒకటి చేరిందంటే దుమ్ము ఇక రాలదు, జిగురులా పట్టేస్తుంది.

బ్లోయర్ తర్వాత చూడాల్సింది కాయిల్ వెనక వైపు. ఆ తర్వాత ఫ్యాన్ మోటారు. కొన్ని మోడళ్లలో మోటారుకి ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, అది బలహీనపడితే ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది. ఖరీదు తక్కువ వస్తువు, దాని కోసం గ్యాస్ డబ్బులు పోసినవాళ్లు ఎంతమందో.

గాలి తగ్గిందో లేదో మాకు ఎలా తెలుస్తుంది?

కొత్తగా సర్వీసింగ్ చేయించిన రోజునే కాయితం ముక్కని గాలి దగ్గర పట్టుకుని ఎంత దూరం దాకా ఊగుతోందో గుర్తు పెట్టుకోండి. తర్వాత దానితో పోల్చుకోవడమే. థర్మామీటరు ఉంటే పైన లోపలికి వెళ్లే గాలి, కింద బయటికొచ్చే గాలి కొలవండి. ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల తేడా ఉంటే మామూలు. బాగా ఉక్కగా ఉన్న రోజున తేడా ఇంకా తగ్గుతుంది, కంగారుపడకండి. తేడా చాలా ఎక్కువ ఉండి గాలి మాత్రం బలహీనంగా ఉంటే గాలి దారిలోనే ఏదో అడ్డం.

ఏడాదికోసారి గ్యాస్ అయిపోతుంది కదా, పట్టించాలి కదా?

అవదు. స్కూటర్లో పెట్రోలులా ఖర్చయ్యే సరుకు కాదది. సీలు చేసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. పదేళ్లయినా అంతే ఉండాలి. తగ్గిందంటే కారిందనే అర్థం, కారిందంటే ఎక్కడో కన్నం ఉంది. కన్నం మూయకుండా నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే, వచ్చే వేసవికి మళ్లీ నన్నే పిలుస్తారు.

మన దగ్గర కన్నాలు పడటానికి పెద్ద కారణం ఉప్పుగాలి. అంతర్వేది, ఓడలరేవు, ఇటు నరసాపురం దిగువన బయటి పెట్టె తెరిచి చూస్తే అల్యూమినియం రేకులు విభూదిలా రాలుతుంటాయి. రాగి గొట్టం, అల్యూమినియం రేకు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట ఉప్పుతేమ చేరితే రేకుని తొందరగా తినేస్తుంది. తర్వాత వంపుల దగ్గర, అతుకుల దగ్గర రాగి కూడా పాడవుతుంది. రొయ్యల చెరువుల గట్టు మీద షెడ్లలో పెట్టిన ఏసీలకూ ఇవే తిప్పలు. బయటి పెట్టెను నెలకోసారి మంచినీళ్లతో మెల్లగా కడిగితే ఉప్పు పోతుంది. మంచినీళ్లతోనే అని నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే బోరు నీరే ఉప్పగా ఉండే ఊళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ నీళ్లతో కడిగి "శుభ్రం చేస్తున్నాం అండీ" అంటారు.

రెండో కారణం బిగించేటప్పుడు జరిగే నిర్లక్ష్యం. పైపు కొసను గరాటాలా విప్పి నట్టు బిగించే చోట కాస్త పగిలినా, నట్టు మరీ బిగించినా మరీ వదులైనా అక్కడి నుంచి కారుతుంది. ఆ నట్టు దగ్గర నూనె మరక, దాని మీద దుమ్ము పట్టి కనిపిస్తే దాదాపు అదే చోటు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా బయటికి వస్తుంది కాబట్టి ఆ మరక.

మరి గ్యాస్ నిజంగానే తగ్గిందనుకోండి. మెకానిక్ చేసే పని సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

నా తోటివాళ్లకి కోపం రావచ్చు గానీ చెబుతాను. అతను సిలిండరు తగిలించి, పైపు పట్టుకుని "ఆఁ, చల్లబడింది" అని లేచిపోతే అది పని కాదు. వరస ఇలా ఉండాలి: నైట్రోజన్ ప్రెషర్ ఎక్కించి, సబ్బు నురగతో ప్రతి అతుకూ చూసి, కన్నం దొరికాక మూసి, తర్వాత వాక్యూమ్ పంపుతో లోపలి గాలీ తేమా లాగేసి, బయటి పెట్టె ప్లేటు మీద రాసిన బరువు ప్రకారం కాటా మీద సిలిండరు పెట్టి తూచి గ్యాస్ వదలాలి. ప్లేటు మీద గ్రాముల్లోనో కిలోల్లోనో రాసే ఉంటుంది, మీరే చదివి చూసుకోవచ్చు. పైపు పొడవు కంపెనీ చెప్పినదానికన్నా ఎక్కువైతే మీటరుకి కొంత కలపాలి, అదీ పుస్తకంలో ఉంటుంది.

నైట్రోజన్‌కి బదులు ఆక్సిజన్ వాడబోతే వెంటనే ఆపించండి. వెల్డింగ్ సిలిండరు చేతికందింది కదా అని వాడేవాళ్లు ఉన్నారు. కంప్రెసర్ నూనె, ప్రెషర్‌తో ఉన్న ఆక్సిజన్ కలిస్తే పేలుతుంది.

ఏ గ్యాస్ అయినా ఏ ఏసీకైనా పనికొస్తుందా?

రాదు. ప్లేటు మీద ఏది రాసి ఉంటే అదే. ఆర్-22 ఉన్న పాత ఏసీలో ఆర్-32 పట్టిస్తే ప్రెషర్లు కుదరవు, నూనె కుదరదు. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, దాన్ని ద్రవంగానే ఎక్కించాలి. ఆర్-32 కొద్దిగా అంటుకునే గుణం ఉన్నది, కాబట్టి దాని దగ్గర మంట పెట్టి అతికే ముందు గ్యాస్ మొత్తం తీసి, తలుపులు తెరవాలి. ఆర్-22ని, ఓజోన్ పొరని కాపాడే మాంట్రియల్ ఒప్పందం కింద, మన దేశం 2030 నాటికి దాదాపుగా ఆపేయాల్సి ఉంది. పాత ఏసీకి ఇప్పుడు పెద్ద రిపేరు వస్తే ఆ మాట కూడా లెక్కలో వేసుకోండి.

అరగంట బ్రహ్మాండంగా చల్లగా వస్తుంది, తర్వాత ఆగిపోతుంది. కాసేపు ఆపి వేస్తే మళ్లీ బాగుంటుంది. ఇదేం జబ్బు?

రెండు అనుమానాలు. ఒకటి, కాయిల్‌కి ఐసు పట్టి గాలి ఆగడం. ఆపినప్పుడు మూత తీసి చూస్తే తెలిసిపోతుంది. రెండోది బయటికి కనపడని ఐసు. బిగించేటప్పుడు వాక్యూమ్ సరిగా తీయకపోతే గొట్టాల్లో తేమ ఉండిపోతుంది. ఆ నీటి బొట్టు కాపిలరీ సన్న కంతలో గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఆపితే కరుగుతుంది, మళ్లీ దారి ఇస్తుంది. ఇది పైపైన బాగయ్యేది కాదు. గ్యాస్ తీసేసి, గొట్టాల్లో తేమ పీల్చే డ్రయర్ మార్చి, గంటసేపైనా వాక్యూమ్ పెట్టాలి.

పైపు మధ్యలో ఒకచోట నుంచే ఐసు మొదలవుతోంది. ఎందుకని?

ఆ చోట పైపు నొక్కుకుపోయి ఉంటుంది. మన కాలువల మీద లాకులు చూశారు కదా, తలుపులు దించితే ఎగువన నీరు నిండుతుంది, దిగువన మట్టం పడిపోతుంది. నొక్కు దాటాక లోపల ప్రెషర్ అలాగే పడి, అక్కడ నుంచి ఐసు మొదలవుతుంది. గోడ మలుపులో చేత్తో వంచేసిన పైపులకి ఇది ఎక్కువ. ఆ ముక్క కోసి కొత్తది అతకడమే మందు.

సంక్రాంతికి పిల్లలు హైదరాబాదు నుంచి వచ్చారు. రాత్రంతా ఏసీ వేశారు, పొద్దున్నకి ఐసు. వేసవిలో ఎప్పుడూ రాలేదే?

చలికాలం ఏసీ ఎందుకని అడగను, దోమలకి తలుపులు బిగించుకుంటారని తెలుసు. పుష్యమాసం రాత్రి బయట ఇరవై డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. బయటి పెట్టె మరీ చల్లబడి ప్రెషర్లు రెండువైపులా దిగిపోతాయి. గదిలోనూ పెద్దగా వేడి లేదు. పైగా 18లో పెట్టి, చప్పుడు రాకుండా ఫ్యాన్ తక్కువలో ఉంచి పడుకుంటారు. ఐసు కట్టడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఉండదు. మెషీన్‌లో లోపం లేకపోయినా కడుతుంది. బయట ఎన్ని డిగ్రీల దాకా నడపొచ్చో పుస్తకంలో ఉంటుంది, అంతకన్నా చల్లగా ఉంటే ఫ్యానూ దోమతెరా చాలు. ఇంకో మాట, నెలల తరబడి మూసి ఉన్న గదిలో ఏసీ వేసేముందు ఫిల్టర్ ఒకసారి తీసి చూడండి. అల్లుడు గారు వచ్చే రోజు పొద్దున్న కాదు, రెండు రోజులు ముందు.

16లో పెడితే తొందరగా చల్లబడుతుందా?

మామూలు ఏసీ, అంటే ఇన్వర్టర్ కాని ఏసీ కంప్రెసర్ 16లో పెట్టినా 24లో పెట్టినా ఒకే బలంతో లాగుతుంది. 16 అంటే ఎప్పటికీ ఆగొద్దు అని చెప్పడమే. ఆగకుండా నడిచే మెషీన్‌కి గాలి కాస్త తగ్గినా ఐసు పడుతుంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ వేయగానే 24 దగ్గర మొదలయ్యేలా రూలు వచ్చింది, ఊరికే రాలేదు. 24, 25లో పెట్టి ఫ్యాన్ స్పీడు పెంచుకోండి.

ఇన్వర్టర్ ఏసీకి ఐసు కట్టదని షాపులో చెప్పారు.

తొందరగా కట్టదు. కాయిల్‌కి అంటించి ఒక సెన్సర్ ఉంటుంది, అది మరీ చల్లబడటం చూసి కంప్రెసర్‌ని నెమ్మదింపజేస్తుంది. దీనివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, లోపం ఐసు రూపంలో కనపడకుండా "ఈమధ్య చల్లగా రావట్లేదు" అనే రూపంలో దాక్కుంటుంది. ఆ సెన్సర్ గనక చెడినా, సర్వీసింగ్‌లో దాని చోటు నుంచి ఊడి వేలాడుతున్నా ఇన్వర్టర్ ఏసీ కూడా ఐసు ఫ్యాక్టరీ అయిపోతుంది. సర్వీసింగ్ అయిన మర్నాడే ఐసు మొదలైతే ముందు ఆ సెన్సర్ స్థానంలో ఉందో లేదో చూడమనండి.

ఇంటీరియర్ వాళ్లు ఏసీ కనపడకుండా చెక్క పెట్టె కట్టారు. పర్వాలేదా?

భీమవరం, తణుకు కొత్త ఇళ్లలో ఇది బాగా చూస్తున్నాను. అందంగానే ఉంటుంది. కానీ బయటికి రావలసిన చల్లగాలి చెక్కకి తగిలి మళ్లీ పైనుంచి లోపలికే వెళ్తుంది. చల్లగాలినే మళ్లీ చల్లబరుస్తూ పోతే ఏమవుతుందో మీకు ఈపాటికి తెలుసు. ముందు పలకలు తీసేయించండి, పైన జానెడు ఖాళీ ఉంచండి.

బయటి పెట్టె మురికిగా ఉంటే ఐసు కడుతుందా?

కట్టదు. దానివల్ల ప్రెషర్ పెరుగుతుంది, కూలింగ్ తగ్గుతుంది, కరెంటు ఎక్కువ కాలుతుంది. కడగాల్సిందే గానీ ఐసుకి మందు అది కాదు.

వోల్టేజీ తక్కువైతే?

కంప్రెసర్ ఎత్తుకోదు, ట్రిప్ అవుతుంది. కంప్రెసర్ నడుస్తూ లోపలి ఫ్యాన్ మాత్రం నీరసపడితే అప్పుడు ఐసు మాట. స్టెబిలైజర్ చూపించుకోండి.

ఐసేమీ కనపడట్లేదు, లోపలి పెట్టె నుంచి గదిలో నీళ్లు పడుతున్నాయి.

ఎక్కువగా డ్రెయిన్ పైపులో పాచి. మన తేమకి ఒకటిన్నర టన్ను ఏసీ గంటకి లీటరు పైనే నీరు వదులుతుంది, ఆ పైపు ఎప్పుడూ తడే. అయితే రాత్రి ఐసు కట్టి, ఏసీ ఆపాక పగలు కరిగి కారేవీ ఉన్నాయి. ఏసీ నడుస్తుండగా కారితే డ్రెయిన్, ఆపాక భళ్లున కారితే ఐసు. మధ్యమధ్య చిటచిటమని చప్పుడు, గాలితో పాటు చిన్న ఐసు పలుకులు వచ్చినా ఐసే.

ఎన్నాళ్లకోసారి ఏం చేయించాలి?

ఫిల్టర్ మీరే, రెండు వారాలకోసారి. మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే ఫ్రేము వంకరపోతుంది. పీచు షెడ్డో రైసు మిల్లో పక్కన ఉంటే వారానికోసారి. బ్లోయర్, కాయిల్ కలిపి పూర్తి సర్వీసింగ్ ఫాల్గుణంలో ఒకసారి, వాడకం ఎక్కువైతే వానలు తగ్గాక ఇంకోసారి. వేసవి ముదిరాక పిలిస్తే మేం దొరకం, దొరికినా తొందరలో బ్లోయర్ విప్పకుండా ఫిల్టర్‌కి నీళ్లు కొట్టి వచ్చేస్తాం. నిజం చెప్పాను.

ఏసీ నీళ్లు, ఐసు కరిగిన నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసుకోవచ్చా? డిస్టిల్డ్ వాటరే కదా అంటున్నారు.

గాలిలోంచి దిగిన నీరే గానీ కాయిల్ మీద దుమ్ము, బూజు, లోహపు పొడి, మన వైపు ఉప్పూ కడుక్కుని వస్తుంది. బ్యాటరీ ప్లేట్లు పాడవుతాయి, అందులో పోయకండి. తాగడానికి అసలే వద్దు. గచ్చు తుడవడానికి, బాత్రూముకి వాడుకోండి. మా ఇంట్లో డ్రెయిన్ పైపు తిన్నగా పెరట్లో కనకాంబరాల మడిలోకి పెట్టాను, వేసవిలో వాటికి వేరే నీళ్లు పెట్టను.